ఒడిలో బిడ్డ లేని జోల

కుర్చీలు కాస్త ఇటు జరుపుకోండి. ఇంకా దగ్గరగా. ఆ గింజలు నమలడం అయ్యాకే వినండి, తొందరేం లేదు. ఇవాళ చెప్పబోయేది చాలా మెల్లగా జరిగిన సంగతి. గట్టిగా ఊపిరి పీల్చినా చెదిరిపోయేంత మెల్లగా జరిగింది.

పోయినవారం మనం మా వంటగదిలో ఆగాం. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు మళ్లీ చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టండి. రోములో మేము క్వాద్రారో పేటలో ఉండేవాళ్లం. మా ఆయన ఒట్టావియో సినిమాల వాద్యబృందంలో బేస్ వాయించేవాడు. చూడటానికి వయోలిన్‌కి తాతలా, మనిషంత ఎత్తుంటుంది ఆ వాద్యం. దాన్ని ట్రాములో ఎక్కించడానికి పడ్డ పాట్లు చెప్పాలంటే అదే ఇంకో కథ. ఆ రోజుల్లో మా దగ్గర చవకరకం దెయ్యాల సినిమాలు పుట్టగొడుగుల్లా లేచేవి. అట్టగోడలు, రంగునీళ్ల నెత్తురు, అన్ని సినిమాలకీ అదే కోట, అదే కుర్చీ. సంగీతం మాత్రం చవకది కాదు. దానికి మా బృందానికి సంగీతం కట్టే మాస్ట్రో బెంటివేన్యా లాంటివాళ్లు ప్రాణం పెట్టేవాళ్లు.

మాస్ట్రో అప్పుడు 'బావిలో దొరసాని' అనే సినిమా మీద పనిచేస్తున్నారు. బావిలో పడి చచ్చిన దొరసాని చీకటి పడ్డాక మెట్లెక్కి వచ్చి, ఇంట్లోవాళ్లని ఒక్కొక్కరినే తీసుకుపోతుంది. అంతే కథ. మాస్ట్రో వయోలిన్లని కీచుమనిపించారు, డప్పులు అదరగొట్టించారు. నిర్మాత సావేరియో లాంచోట్టి అంతా విని ఆవులించాడు.

"ఇలాంటి కేకలు నా బీరువాలో పాత టేపుల నిండా ఉన్నాయి మాస్ట్రో. గురువారానికల్లా నన్ను భయపెట్టండి. లేకపోతే ఆ టేపులే అతికించుకుంటాను. మీరూ మీ బృందమూ హాయిగా ఇంటికి పోవచ్చు" అన్నాడు.

బృందం ఇంటికి పోతే మా ఆయన బేస్ అమ్మేసి మా అన్న టైర్ల కొట్లో చేరాలి. మా మెడ మీద ఉన్న కత్తి అదీ.

ఆదివారం మాస్ట్రో మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఆయన పక్కగదిలో రేడియోకి చెవి అతికించుకుని ఫుట్‌బాల్ వింటున్నాడు. వంటగదిలో మా అత్తగారు చెజిరా, పళ్లొస్తున్న నా కూతురు నివెస్‌ని ఒళ్లో వేసుకుని ఏదో జోల తీశారు. మాస్ట్రో చేతిలో ముల్లుచెంచా గాల్లోనే ఆగిపోయింది. భోజనం చల్లారిపోయినా ఆయన కదల్లేదు. తరవాత అత్తగారిని బతిమాలారు, ఆ జోల సినిమాకి ఇమ్మని.

"జోల అద్దెకిచ్చేది కాదు నాయనా" అని అత్తగారు గిన్నెలు తోముకుంటూ కూర్చున్నారు. కాసేపయ్యాక, అటు తిరిగే, "ఇంతకీ సినిమా ఎవరిది?" అని అడిగారు. మాస్ట్రో లాంచోట్టి పేరు చెప్పారు. అత్తగారు చేతులు తుడుచుకున్నారు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకి తగిలించారు.

"గురువారం పొద్దున ఎన్నింటికి రావాలి? ఒకటే మాట. ఒడిలో బిడ్డ లేకుండా నేను పాడను" అన్నారు.

పోయినవారం అక్కడే ఆగాం. ఇక వినండి.

గురువారం పొద్దున అత్తగారు బిస్కెట్ల డబ్బా ఒకటి తీశారు. అందులోంచి పగడాల దండ వచ్చింది. పెద్ద పెద్ద పగడాలు, పండిన మిరపకాయల రంగు. నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ దండ నేను చూడలేదు.

"ఎక్కడిది అత్తయ్యా?"

"మెడలోది" అని, వేసుకుని, పైన నల్ల శాలువా కప్పేసుకున్నారు.

మా చొచారియా కొండల్లో ఆడవాళ్లు చాలామంది రోము వచ్చి పెద్దిళ్లలో పాలదాదులుగా చేసినవాళ్లే. మా అత్తగారూ చేశారని నాకు తెలుసు. ఎవరింట్లో అంటే మాత్రం ఎప్పుడూ మాట మార్చేసేవారు.

ఆ రికార్డింగు హాలు ఒక చర్చి కింద నేలమాళిగలో ఉండేది. పైన పూజలు, కింద దెయ్యాలు. పైన గంట కొడితే కింద అందరూ ఆగి, మోత తగ్గాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఎదురుగోడకి తెల్లగుడ్డ. దాని మీద బొమ్మ ఆడుతుంటే చూస్తూ వాయించాలి. ఒక మూల అద్దాలగదిలో టేపు తిప్పే మనిషి కూర్చుంటాడు. ఒక బృందం వంతు అయిపోగానే ఇంకో బృందం తలుపు బయట పెట్టెలతో సిద్ధంగా ఉంటుంది.

అత్తగారు మెట్లు దిగి రాగానే బాకా ఊదే ఇజీనో లేచి టోపీ తీశాడు.

"రా పెద్దమ్మా. నల్లగా కనిపించేసరికి దొరసానే దిగొచ్చిందనుకుని హడలిపోయాను."

"దొరసానికి నాకున్నంత నడుముంటే బావిలో పడేదా? మధ్యలోనే ఇరుక్కునేది" అన్నారు అత్తగారు.

హాలంతా గొల్లుమంది. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. నా పక్కకి వచ్చి గొణిగాడు.

"మా అమ్మకి జోలలు వచ్చా? నాకెప్పుడూ పాడిన గుర్తు లేదే."

"పసివాడివి, నీకేం గుర్తుంటుంది?" అన్నాను. అతను వెళ్లి బేస్ తీగలు బిగించుకున్నాడు, అవి బిగిసే ఉన్నా.

అత్తగారు గడ్డికుర్చీ, అదీ చేతులు లేనిది కావాలంటే, పైనుంచి ఫాదర్‌ని అడిగి ఒకటి అరువు తెచ్చారు. ముందు మైకు పెట్టారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ చూశారు.

"ఇదేంటి నాయనా, నాలుకా?"

"చెవి, చెజిరా గారూ" అన్నారు మాస్ట్రో.

"అయితే కడిగే ఉంచారు కదా" అని, నా చేతుల్లోంచి నివెస్‌ని అందుకుని ఒళ్లో సర్దుకున్నారు. పిల్ల అప్పటికే శాలువా లోపలికి చెయ్యి పెట్టి పగడం ఒకటి లాగి చిగుళ్లతో నములుతోంది.

మాస్ట్రో తన వాళ్లతో అన్నారు, "మాటల్లేవు, ఉత్త రాగమే. చెజిరా గారు పిల్ల కోసం పాడతారు. మీరు వెనకాల నడవండి. ఆవిడకి అడ్డం రావద్దు."

అత్తగారు వాళ్లందరినీ కళ్లతో ఒక చుట్టు చుట్టారు.

"ఈ పిల్ల పళ్లనొప్పితో సరిగ్గా నిద్రపోక ఇల్లంతా పీకి పందిరేసింది. నేను నిద్రపుచ్చాక ఎవడైనా లేపాడో, మళ్లీ నిద్రపుచ్చడం నావల్ల కాదు. మీ బాకాల్ని మీరే ఒళ్లో వేసుకుని ఊపుకోండి."

దీపాలు తగ్గించారు. గుడ్డ మీద బొమ్మ మొదలైంది. బావిగట్టు, దాని మీద తెల్లటి చెయ్యి, తడిసిన పాదాలు, మెట్లు.

నేను ఆ బొమ్మని సోమవారం ఒకసారి చూశాను, కీచు వయోలిన్లతో. చూసి నవ్వాను. దొరసాని పావడా అంచుకి పిన్నీసు పెట్టి ఉంది, లైటు పడి మెరుస్తోంది. బావిలోంచి వచ్చే దెయ్యానికి పిన్నీసు ఎవరిచ్చారమ్మా అనుకున్నాను.

అత్తగారు మొదలుపెట్టారు.

ఆ జోల ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు చదువు లేదు. ఉయ్యాలలా ఒకసారి పైకి, ఒకసారి కిందికి. రెండుసార్లు అలా వెళ్లి వస్తుంది. మూడోసారి మాత్రం పైకి వెళ్లిన స్వరం కిందికి రాదు. గాల్లోనే కాస్త నిలబడి, అక్కడినుంచే మళ్లీ ఎత్తుకుంటుంది. చీకట్లో మెట్లు దిగుతూ, ఇంకో మెట్టుందని అడుగేస్తే లేనప్పుడు కాలు ఉలిక్కిపడుతుంది చూశారా, అలాగ.

రెండో చుట్టుకి నివెస్ కళ్లు సగం మూతపడ్డాయి. ఇక చూడండి, అంతమంది మగాళ్లు ఎలా అయిపోయారో! వయోలిన్ల వాళ్లు కమాను తీగకి తగిలీ తగలనట్టు లాగుతున్నారు. ఇజీనో తన టోపీ తీసి బాకా మూతికి తొడిగాడు. మా ఆయన బేస్ ఎవరో పడుకుని గాలి పీలుస్తున్నట్టు వినిపిస్తోంది. కాగితం తిప్పాల్సినవాడు తిప్పడానికి భయపడి, గుర్తున్నదే వాయిస్తున్నాడు. మాస్ట్రో చేతులు నీళ్లలో కదుపుతున్నట్టు కదుపుతున్నారు. వాళ్ల దృష్టి దొరసాని మీద లేదు. వాళ్ల భయమంతా నా కూతురు లేస్తుందేమోననే.

ఈసారి నాకు నవ్వు రాలేదు. గుడ్డ మీద ఆ తడి పాదాలు ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి. పైన ఒక గదిలో ఎవరో నిద్రపోతున్నారు. జోల నడుస్తోంది. పిన్నీసు అక్కడే ఉండి ఉంటుంది, నాకు కనబడలేదు. నేను మా పేట సినిమాహాల్లో బోలెడన్ని దెయ్యాల బొమ్మలు చూశాను. కీచుమనే సంగీతం వస్తే పక్కింటావిడ మోచేత్తో పొడిచినట్టుంటుంది, ఇదిగో భయపడు అని. మనం కళ్లు మూసుకుంటాం, తరవాత తెరుస్తాం, అయిపోతుంది. ఈ జోలకి కళ్లు మూసుకుంటే ఇంకా దగ్గరగా వస్తోంది. ఆ దొరసాని కూడా ఒకప్పుడు ఎవరినో ఒళ్లో వేసుకుని ఊపి ఉంటుందని తోచింది నాకు. ఆ పైగదిలో ఉన్నవాళ్లని చంపడానికి వస్తోందో, దుప్పటి కప్పడానికి వస్తోందో తెలియలేదు.

చివరి మెట్టు. స్వరం పైకి వెళ్లి నిలబడింది.

దభాలున తలుపు తెరుచుకుంది.

"ఏంటిది మాస్ట్రో, పురిటిగదా?"

లాంచోట్టి. బూడిదరంగు కోటు, తలమీద టోపీ, ఒక చేతికి తొడుగు, ఒకటి ఊడదీసి పట్టుకున్నాడు. నివెస్ ఉలిక్కిపడి లేచి, పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. గుడ్డ మీద దొరసాని తలుపు తీసింది.

"దొరసానికి ఆకలేసినట్టుంది" అన్నాడు ఇజీనో, ఎవరూ నవ్వలేదు.

"భయపెట్టమన్నాను" అన్నాడు లాంచోట్టి. "మీరు ముసలమ్మనీ పసిపిల్లనీ తెచ్చి కూర్చోబెట్టారు. మీకు పని చేతకాకపోతే చెప్పాలి గానీ, నా సినిమాతో పరాచికాలా?"

మాస్ట్రో మొహం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"టేపు మీదకి ఎక్కినంతవరకూ ఒక్కసారి వినండి. విన్నాక మీ టేపులే అతికించుకోండి. నేను అడ్డు చెప్పను."

నేను పిల్లని తీసుకుని అద్దాలగదిలోకి వెళ్లి, గోడవైపు తిరిగి పాలు పట్టాను, తల మాత్రం హాలు వైపే తిప్పి. టేపు మనిషి చక్రాలు వెనక్కి తిప్పి వదిలాడు. హాల్లో జోల మొదలైంది. పాడిన మనిషి అక్కడే నోరు మూసుకుని కూర్చుని ఉండగా, గోడల్లోంచి ఆవిడ గొంతు వస్తోంది.

లాంచోట్టి ముందు గడియారం చూసుకున్నాడు. తరవాత చూసుకోవడం మానేశాడు. స్వరం మూడోసారి పైకి వెళ్లి కిందికి రానప్పుడు, అతని చెయ్యి వెనక్కి వెళ్లి గోడని తడిమింది. తొడుగు కింద పడింది, తీసుకోలేదు. అలాగే చివరిదాకా విన్నాడు. చివర్లో గోడలోంచి "ఏంటిది మాస్ట్రో, పురిటిగదా?" అని తన గొంతే మీద పడేసరికి, ఎవరో కొట్టినట్టు తల తిప్పుకున్నాడు.

"ఆపండి" అన్నాడు. కాసేపటికి, "ఇది ఎవరు కట్టిన పాట?" అని అడిగాడు.

"ఎవరూ కట్టలేదండీ. ఈవిడ..."

"సావెరీనో" అన్నారు అత్తగారు, సావేరియో పేరుని పసివాడికి కుదించినట్టు. "ఇంత వయసొచ్చినా కోటు గుండీలు వరసగా పెట్టుకోవడం రాలేదా నీకు? మొదటి దానికి రెండో కాజా. అప్పుడూ అంతే."

అతను కిందికి చూసుకున్నాడు. నిజమే, గుండీలు ఒకటి తప్పాయి. తరవాత తల ఎత్తి ఆవిడని చూశాడు.

"చెజ్జా?"

పెద్దవాళ్లెవరూ అలా పిలవరు. అది నోరు తిరగని పిల్లాడు పెట్టిన పేరు.

లాంచోట్టి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు నిర్మాతలా మాట్లాడలేదు.

"నేనింతవరకూ తీసినవాటిలో ఒక్కదానికీ భయపడలేదు. అందరూ అరుస్తారు, నాకు ఆవులింతలొస్తాయి. ఇప్పుడు ఈ గోడ లేకపోతే కింద పడేవాణ్ణి." టోపీ అంచు తిప్పాడు. "ఆ రాత్రి ఇదే పాడావు. పొద్దున లేచి చూస్తే నీ కుర్చీ ఖాళీ. ఇల్లంతా వెతికాను. బల్లల కింద, పరదాల వెనక. ఎవర్ని అడిగినా జవాబు చెప్పలేదు. నాలుగేళ్లు నాకు."

"తెలుసు నాయనా."

"తెలిసే వెళ్లావా?"

"తెలిసే."

అప్పుడు మా ఆయన బేస్‌ని నేలమీద పక్కకి పడుకోబెట్టాడు. పసిబిడ్డని దించినంత జాగ్రత్తగా పెట్టాడు. వెళ్లి తల్లి ముందు నిలబడ్డాడు.

"నాలుగేళ్లా? అప్పుడు నాకూ నాలుగేళ్లే. నువ్వు మూట పట్టుకుని కొండెక్కి వచ్చిన రోజు, ఈవిడెవరు అని అమ్మమ్మని అడిగాను. అదొక్కటీ నాకు బాగా గుర్తుంది."

"గుర్తుంటుంది. గుమ్మంలో అడిగావు" అన్నారు అత్తగారు.

"నీ పాలు ఇతనికి. మేకపాలు నాకు. దాని గురించి నేనెప్పుడూ ఒక్కమాట అనలేదమ్మా. అందరి తల్లులూ అలాగే పోయారు, రొట్టె కోసం. కానీ ఈ పాట... నాకొక్కసారి పాడితే నీ సొమ్మేం పోయేది?"

అత్తగారు అతని మొహంలోకి చూశారు.

"దగ్గరికి రానిచ్చావా? ఒళ్లో కూర్చోబెట్టుకోబోతే మేకపిల్లలా తన్నుకుని మంచం కిందకి దూరావు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇంతలో పెద్దవాడివైపోయావు. గోడమీద ఎక్కినవాడికి జోల ఎలా పాడను నాన్నా? ఒళ్లోకి వచ్చినవాళ్లకే అది."

ఇజీనో బాకా మూతికున్న టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. జోకు ఏదీ దొరకలేదు పాపం.

టేపు మనిషి అద్దం మీద తట్టాడు. బయట ఇంకో బృందం వచ్చేసింది, మన వంతు అయిపోతోంది, ఏం చేస్తారు అని. మాస్ట్రో లాంచోట్టి వైపు చూశారు.

"ఉంచుతాను" అన్నాడు లాంచోట్టి. "ఇది ఉంటే నాకు కేకలు అక్కర్లేదు. కానీ నా అరుపు సరిగ్గా గుండె ఆగే చోట పడింది. దీన్ని ఇలా అతికించలేం. మళ్లీ పాడించండి. ఇప్పుడే. కుదరకపోతే బీరువాలో టేపులు తప్ప నాకు దారి లేదు, వచ్చేవారం సినిమా హాళ్లకి పోవాలి."

అందరూ నా వైపు తిరిగారు. నివెస్ పాలు తాగి, కళ్లు రెండూ లైట్లలా వెలిగించుకుని, అద్దానికి అరచేతులు ఆనించి కిలకిల నవ్వుతోంది. నిద్ర అనేది పుట్టి ఎరగనట్టు.

"పిల్ల పడుకోకపోతేనేం, మీరు పాడేయండి చెజిరా గారూ" అన్నారు మాస్ట్రో. "చేతులు ఊపుతూ పాడండి, పిల్ల ఉందనుకుని."

"అనుకుని పాడకూడదు" అన్నారు అత్తగారు. "మా కొండల్లో ఖాళీ ఉయ్యాల ఊపరు. ఖాళీ ఒడికి జోల పాడరు. పాడితే, పడుకోవడానికి చోటు లేక తిరిగేదేదో విని, అది వచ్చి పడుకుంటుంది. పైన మీ దేవుడున్నా సరే, నేను పాడను."

ఆవిడ పాడనంటే ఇంక అంతే. కళ్లముందు టైర్ల కొట్టు కనిపించింది నాకు. నల్లబడ్డ చేతులతో మా ఆయన, మూలన బేస్ లేని గోడ.

"పెద్దమ్మా, నేను పడుకోనా?" అన్నాడు ఇజీనో. "గురక పెడతాను గానీ, అది కూడా దెయ్యం అనుకుంటారు జనం."

"నువ్వు పడుకుంటే కుర్చీ విరుగుతుందిరా."

అప్పుడు నేను చూశాను. అద్దం అవతల ఉన్నాను కాబట్టి బాగా కనిపించింది. లాంచోట్టి గోడ వదిలి అరడుగు ముందుకి వేశాడు. అంత పెద్దమనిషి, కోటు గుండీ తప్పి, టోపీని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుని. బడిలో తనని ఆటకి పిలుస్తారేమోనని చూసే పిల్లాడిలా నిలబడ్డాడు. అత్తగారు కూడా చూశారు. చూసి, ఒక్క క్షణం కళ్లు దించుకున్నారు.

తరవాత చేత్తో ఒడి తట్టారు.

"ఒట్టావియో. రా."

"నాకు ముప్పైతొమ్మిదేళ్లమ్మా. మోకాళ్లు నొప్పులు."

"నాకు అరవైమూడు. నావీ నొప్పులే. రా."

"బేస్ ఎవరు వాయిస్తారు?"

"బేస్ వద్దు" అన్నారు మాస్ట్రో. "ఆ చోటు అలాగే ఖాళీగా వదిలేద్దాం."

మా ఆయన చుట్టూ చూశాడు, సిగ్గుతో. వయోలిన్ల వాళ్లు తలలు వంచుకుని కమానులకి గుగ్గిలం రాసుకుంటున్నారు, ఎవరూ చూడనట్టు. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, తల ఒకవైపుకి తిప్పి తల్లి ఒళ్లో పెట్టాడు. ముందు మెడ బిగబట్టుకునే ఉన్నాడు. బరువు పూర్తిగా ఆనించలేదు.

గుడ్డ మీద బావిగట్టు, చెయ్యి, తడి పాదాలు.

అత్తగారు మొదలుపెట్టారు. చెయ్యి అతని జుట్టులో ఉంది, పైన పలచబడ్డచోట. రెండో చుట్టుకి మెడ వదులైంది. మూడోదానికి భుజాలు కదలడం చూశాను. చప్పుడు చెయ్యకుండా ఏడుస్తున్నాడు, పాట పాడవుతుందని. వాద్యాలవాళ్లు ఇందాకటికంటే మెల్లగా వాయించారు. పసిపిల్లయితే లేచినా మళ్లీ పడుకుంటుంది, ఇక్కడ చెడితే మళ్లీ దొరకదని వాళ్లకీ తెలిసిపోయింది. లాంచోట్టి తలుపు దగ్గర కొయ్యలా నిలబడ్డాడు, బూటు కిర్రుమంటుందేమోనని. పైన చర్చిలో గంట కూడా ఆ పూట మమ్మల్ని వదిలేసింది.

ఆ సినిమా చూసినవాళ్లు నాతో చాలామంది అన్నారు, ఆ పాట కింద నేల లేనట్టుంటుంది, కాళ్లు తేలిపోతాయి అని. మరి నేలలా ఉండాల్సినవాడు తల్లి ఒళ్లో ఉన్నాడు. వాళ్లకి అది తెలియదు కదా. మా పేట హాల్లో ఆడినప్పుడు నేను వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. జనం ఎప్పట్లాగే దొరసాని మీద జోకులేస్తూ, గింజలు కొరుకుతూ, తొక్కలు ముందువాళ్ల మీద ఉమ్ముతూ ఉన్నారు. మెట్ల దగ్గర జోల మొదలైంది. ఆ కొరికే చప్పుడు ముందు వరసలో తగ్గింది, మధ్యలో తగ్గింది, చివరికి నా పక్కావిడ కూడా గింజ పళ్లమధ్య పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

అది తరవాతి మాట. హాల్లోకి రండి మళ్లీ.

చివరి స్వరం పైన నిలబడి, అక్కడే కరిగిపోయింది. చాలాసేపు ఎవరూ వాద్యం దించలేదు. టేపు మనిషి అద్దంలోంచి బొటనవేలు పైకెత్తాడు.

"ఇది ఉంటుంది" అన్నాడు లాంచోట్టి. "మొదట్లో, మెట్ల దగ్గర, చివర్లో కూడా. బీరువా తాళం తీయను. మాస్ట్రో, తరవాతి సినిమాకి కూడా మీ వాళ్లని చెదరనివ్వకండి."

నేను నివెస్‌ని గట్టిగా పట్టుకుని గోడకి ఆనుకున్నాను. టైర్ల కొట్టు ఎటో వెళ్లిపోయింది. ఇజీనో ఎవర్నో కౌగిలించుకుని ఎత్తి తిప్పుతున్నాడు.

మా ఆయన ఇంకా లేవలేదు. అత్తగారి కాళ్లు తిమ్మిరెక్కాయి కాబోలు, కదలబోతే కుదరలేదు. లాంచోట్టి వచ్చాడు. ఇద్దరినీ చూసి కాస్త నవ్వాడు కూడా. ఆవిడ లేవడానికి చెయ్యి అందించాలని వంగాడు.

శాలువా భుజం మీంచి జారి ఉంది. పగడాలు బయటపడ్డాయి. నివెస్ నమిలిన పగడం ఇంకా తడిగా మెరుస్తోంది.

చాచిన చెయ్యి ఆగిపోయింది.

"ఇవి మా అమ్మవి" అన్నాడు లాంచోట్టి. మెల్లగానే అన్నాడు. "నువ్వు వెళ్లిన పొద్దున అద్దం ముందు పెట్టె తెరిచింది. ఖాళీ. నీ గురించి ఎవరూ ఏమీ చెప్పకపోవడానికి కారణం అదేనని పెద్దయ్యాక తెలిసింది నాకు."

మా ఆయన తల ఎత్తాడు. తల్లి మెడలోకి చూశాడు, ఆ తరవాత మొహంలోకి.

అత్తగారు దండ దాచుకోలేదు. అరచెయ్యి దాని మీద పరిచి పెట్టుకున్నారు.

"అవును సావెరీనో. మీ అమ్మవే."

ఇవాళ్టికి ఇక్కడ లేవండి, ఆ దండ ఆవిడ మెడలోకి ఎలా వచ్చిందో వచ్చేవారం చెబుతాను. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకుని వెళ్లండి. రాలేకపోయినవాళ్లకి ఈ ముచ్చట మీరు చెప్పేటప్పుడు, దొరసానినీ, మెట్లనీ, పగడాలనీ అందరూ చెబుతారు. ఆ మాట అన్నప్పుడు మా అత్తగారి గొంతు వణకలేదనీ, రెండో చెయ్యి కొడుకు జుట్టులోంచి తియ్యలేదనీ కూడా చెప్పండి. అది వదిలేసి చెబితే జనం ఆవిడని దొంగ అనుకుంటారు.